నేను గీసింది దిష్టిబొమ్మ కాదు

బొమ్మలు గీసే పిల్లలు ఈ మధ్య నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. రంగు ఎలా కలపాలని కాదు, గీత ఎందుకు వణుకుతోందని కాదు. "అంకుల్, మీకు గంతమంది ఫాలోవర్లు ఎట్ల వచ్చిండ్రు?" అని. వచ్చిన మాట నిజమే. ఎలా వచ్చారో చెప్తాను. ఎలా పోయారో కూడా చెప్తాను. ఆ రెండోది ఎవరూ అడగలేదు. అందుకే దాని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

ముందే ఒక మాట. ఇందులో నేను మోసపోయిన కళాకారుణ్నని చెప్పుకుంటే మీకు జాలి కలుగుతుంది, నాకూ హాయిగా ఉంటుంది. కానీ నన్నెవరూ మోసం చెయ్యలేదు. నేను నోరు మూసుకున్నాను, అంతే. ముప్పై ఏళ్లు వేదికలెక్కి నోరు పారేసుకున్నవాణ్ని, తెరవాల్సిన రెండు నెలలూ మూసుకున్నాను.

పాశమైలారంలో మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు బోర్డు పెయింటర్‌గా పనిచేశాను. పైపుల మీద బాణాలు, ట్యాంకుల మీద నంబర్లు, గోడల మీద నీతులు రాయడం నా పని. 'భద్రతే మా తొలి ధ్యేయం' అని ఎన్ని గోడల మీద రాశానో నాకే గుర్తులేదు. ఆ గోడల పక్కనే చేతికి తొడుగుల్లేని మనుషులు డ్రమ్ములు దొర్లించేవారు. బోర్డు ఏదైనా తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలని నియమం. ట్యాంకులు కడిగేవాళ్లలో సగం మందికి మూడింటిలో ఏదీ చదవడం రాదు. ఆ సంగతి రాయించినవాళ్లకు తెలుసు, రాసిన నాకూ తెలుసు. తనిఖీకి వచ్చే అధికారికి మాత్రం మూడూ చదవడం వచ్చు. ఆ బోర్డులు ఎవరిని ఎవరి నుంచి కాపాడటానికో మీరే తేల్చుకోండి.

ఒక మధ్యాహ్నం సాల్వెంటు ట్యాంకు కడగడానికి దిగిన కాంట్రాక్టు కూలీని తాళ్లతో పైకి లాగారు. సాల్వెంటు అంటే రసాయనాల్ని కరిగించే ద్రవం. దాని ఆవిరి మూసిన చోట మనిషికి ముందు మత్తెక్కిస్తుంది, ఊరికే నవ్విస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆపుతుంది. ఆ రోజు పైనున్నవాళ్లు నవ్వు విని, లోపలివాడు సరదాగా ఉన్నాడనుకున్నారు. నవ్వు ఆగాక గానీ తాడు లాగలేదు.

నేను పది అడుగుల దూరంలో కుంచె పట్టుకుని ఉన్నాను. రుద్రారం పక్క పల్లె మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. కళ్లు బయటికి పొడుచుకొచ్చి, నోరు గుంతలా తెరుచుకుని, నాలుక పక్కకి వాలి, మెడ మీద నరం తాడులా లేచి ఉంది. బతికాడు. కానీ ఆ ముఖం నా కళ్లలోంచి పోలేదు. నాలుగో రోజున ఒక రేకు మీద పసుపు పూసి, నలుపుతో ఆ ముఖం గీశాను. ఒక్క అక్షరం రాయలేదు.

"ఇదేందయ్యా, జూస్తేనే గుండె జారుతుంది" అన్నాడు మా భద్రతాధికారి.

"జారాల్నే సార్."

ఎలాగో ఒప్పుకున్నాడు. సాల్వెంటు ఉన్న ప్రతి ట్యాంకు మూత పక్కనా ఆ ముఖం కట్టాం. మాస్కులు తగిలించడానికి దాని కిందే ఒక మేకు. వారం తిరగకుండానే కూలీల్లో ఒక మాట పుట్టింది: "మొఖం గానొస్తే మూతి గట్టు." ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు దాన్నే వాళ్ల హిందీలోకి మార్చుకున్నారు. ముఖం కనిపించగానే చెయ్యి దానంతటదే మాస్కు మీదికి పోయేది. నా బొమ్మకు అంతకు మించిన మెప్పు ఏనాడూ దొరకలేదు.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన మనిషి ఒకరోజు ఆ రేకు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గిది నేనే గదా సార్?"

నాకు సిగ్గేసింది. అడగకుండా గీశాను కదా. "వద్దంటే ఇప్పుడే తీసేస్త" అన్నాను.

ఆలోచించాడు. "ఉండనీ సార్. నన్ను జూసి ఇంకొకడు బతికితే మంచిదే గదా" అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. అతను నాకిచ్చింది అనుమతి మాత్రమే కాదు, షరతు కూడా.

నా సంగతి ఇంకొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగిన దాంట్లో సిగ్గు ఎంతుందో మీకు తెలియదు. సంగారెడ్డిలో మాకొక ఆదివారం చర్చావేదిక ఉండేది. వాస్తు, ముహూర్తం, చేతబడి, దిష్టి వంటి వాటి మీద నేను లేచి మాట్లాడితే ఎదుటివాళ్లు కాగితాలు సర్దుకునేవారు. కొత్త బాయిలర్‌కు బొట్లు పెట్టి గుమ్మడికాయ గీయమంటే గీయనని మెమో తీసుకున్నాను. ఆ మెమోను ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాను. అదీ నా పొగరు.

రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లను, ఫ్యాక్టరీ వెనక రంగు మారిన వాగును, టీ బండి దగ్గర తలకింద హెల్మెట్ పెట్టుకుని నిద్రపోయే కుర్రాళ్లను గీశాను. చూసేవాళ్లు లేరు. నాతోపాటే రిటైరైన టైమాఫీసు గుమస్తా ఒకడున్నాడు. వాళ్ల నాన్న ఎప్పుడో కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. వీడు ఇక్కడే పుట్టి ఇక్కడే నెరిశాడు గానీ నాలుక మీద మాత్రం ఇంకా గోదావరి నీళ్లే. ఫోను విద్యలో ఆరితేరినవాడు. నా పేరున పేజీ తెరిచి, తనకు తానే మేనేజరు హోదా ఇచ్చుకున్నాడు.

మొదటి మూడు నెలలూ ఒక్కో బొమ్మకూ ఆరు లైకులు వచ్చేవి. అందులో ఒకటి మా ఆవిడది, రెండు మేనేజరువి, రెండు ఫోన్లు ఉన్నాయి గనుక.

"ఏమయ్యా ఆర్టిస్టూ, మొదటి మూడు సెకన్లలో మనిషిని పట్టేసుకోవాలి. నీ బొమ్మలో మూడు నిమిషాలు చూస్తే గానీ మనిషెక్కడున్నాడో కనపడడు" అనేవాడు.

"జూడనీ మూడు నిమిషాలు. ఏం పోయింది?"

"బొటనవేలు ఆగదయ్యా! వేలితో పోటీ మనకి, కంటితో కాదు."

మా ఆవిడ ఇంకా సూటిగా అంది. "గోడల మీద రాసినప్పుడు ఫ్యాక్టరీ మొత్తం జూసేది. ఫోన్ల ఏసినంక నేనొక్కదాన్నే జూస్తున్న. ఇది పెరుగుడా, తరుగుడా?"

ఆ మాటకు పట్టుదల పెరిగి ఒకరోజు పాత రేకు ముక్క తీసి ఆ ముఖాన్ని మళ్లీ గీశాను. మేనేజరు వీడియో తీశాడు. గీస్తూ నేను ట్యాంకు కథ మొత్తం చెప్పాను. ఆ మనిషి, ఆ నవ్వు, ఆ మేకు, కూలీల మాట, అన్నీ. వీడియో నలభై అయిదు సెకన్లే ఉండాలని వాడు నా గొంతు తీసేసి డప్పు దరువు పెట్టాడు. పైన ఒక వాక్యం తగిలించాడు: 'చూడగానే చెడు పారిపోవాలి!'

నేను చూశాను. ఏదోలా అనిపించింది. "గిదేంది?" అన్నాను.

"చెడంటే గ్యాసయ్యా. తప్పేముంది?" అన్నాడు.

తప్పేముందో నాకు తెలుసు. అయినా సరేనన్నాను. ఇదంతా ఆ 'సరే' కథే.

రెండో రోజుకు ఫోను మోగుతూనే ఉంది. కామెంట్లు చదివితే తల తిరిగింది. 'సూపర్ దిష్టిబొమ్మ అన్నా', 'మా కొత్తింటికి ఒకటి కావాలె', 'నిన్న సేవ్ చేసుకున్న, ఇయ్యాల మా బిడ్డ జ్వరం తగ్గింది', 'ముగ్గురికి షేర్ చేస్తే నజర్ పోతది'. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆడవాళ్ల కాళ్లు ఎంత నొస్తాయో గీస్తే ఆరుగురు చూశారు. ఊపిరాడని మనిషిని గీస్తే ఊరంతా దండం పెట్టింది!

అప్పుడే రాయాల్సింది. 'అయ్యా, ఇది దిష్టిబొమ్మ కాదు' అని నాలుగు ముక్కలు. మేనేజరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండవయ్యా. ముందు జనం పోగవ్వనీ. ఓ స్థాయికొచ్చాక నువ్వేం చెప్పినా వింటారు. అప్పుడు నీ హేతువాదమంతా దించు, కాదన్నదెవరు?"

ఈ మాట వాడు కనిపెట్టింది కాదు. మీకు బొమ్మలమ్మడం నేర్పే ప్రతివాడూ ఇదే చెప్తాడు. ముందు ప్రేక్షకులు, తర్వాత సత్యం. వినడానికి ఎంత తెలివిగా ఉంది! కాని ఆలోచించండి. ఏ మాట చెప్పి పిలిచావో ఆ మాట కోసమే జనం వస్తారు. అబద్ధం పెట్టిన విందుకు వచ్చినవాడు నీ నిజం తినడానికి కూర్చుంటాడా? వేదిక మీద ఇంకొకడు ఈ వాదన చేసి ఉంటే రెండు నిమిషాల్లో చీల్చి చెండాడేవాణ్ని. నా సొంత పేజీ దగ్గరికి వచ్చేసరికి అదే వాదన ఎంత నున్నగా గొంతు దిగిందో!

అక్కడితో ఆగలేదు. ఏ రోజు పెడితే ఎక్కువమంది చూస్తారో మేనేజరు లెక్క తీశాడు. అమావాస్య ముందు రోజు అని తేలింది. బాయిలర్‌కు బొట్టు పెట్టనని మెమో తీసుకున్న మనిషి పంచాంగం చూసి బొమ్మలు పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరెవరో నా ముఖాన్ని ఫ్లెక్సీలుగా కొట్టించి సర్వీసు రోడ్డు పక్కన పరిచి అమ్మారు. ఒకరోజు లారీ వెనక దాన్ని చూసి, ఆగి, మా ఆవిడకు చూపించాను. ఆమె లారీ వైపు చూసి, నా వైపు చూసి, "గా ఫ్రేము కట్టిన మెమో ఇంట్లకెళ్లి తీసేద్దామా మరి?" అంది.

కోపమొచ్చింది. ఆమె మీద.

తర్వాతి వారం ఉదయం పటాన్‌చెరులో మా ఇంటి తలుపు తట్టింది ఒక వాచ్‌మన్. నీలం యూనిఫాం, నెరిసిన మీసం. ఆ కళ్లు చూసి గుర్తుపట్టాను. ట్యాంకులోంచి లాగిన మనిషి. ఆ తర్వాత ఊపిరితిత్తులు బరువు పనికి ఒప్పుకోక, తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటు సముదాయం గేటు దగ్గర చేరాడట.

కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"పెయింటర్ సాబ్, నా మొఖం మీద నిమ్మకాయలు గట్టిండ్రు."

నేను వేసిన కుర్చీలో నేనే కూర్చున్నాను.

"మా దగ్గర ఇంక రెండు టవర్లు కడుతున్నరు. గాడ సంపు మీద నా మొఖం ఏలాడదీసిండ్రు. శనివారం శనివారం కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు. నేను గేటుకాడ నిలబడితే నాకెవడు నమస్తే పెట్టడు. గా మొఖానికి మాత్రం కార్లు ఆపి దండం పెడుతున్నరు. మొదలు నవ్వొచ్చింది సార్."

"తప్పయింది" అన్నాను.

"తప్పు గురించి రాలే. గప్పుడు నేను ఉండనీ అన్న. ఎందుకన్ననో యాదికున్నదా?"

"ఉన్నది."

"అయితే ఓపారి రాండ్రి. గా సంపులకు మనుషులు దిగుతున్నరు. వాసన నాకెరుకే. చెప్తే ఎవడు ఇంటలేడు. వాచ్‌మన్ చెప్తే ఇంటరా? మొఖం గీసినాయన చెప్తే ఇంటరేమో."

అతని బండి వెనక కూర్చుని వెళ్లాను. నాలుగు టవర్లలో రెండింట్లో జనం కాపురం ఉంటున్నారు. మూడోదాని కింద నీళ్ల సంపు. నాలుగు వైపులా గోడ, పైన మనిషి పట్టేంత చదరపు రంధ్రం, లోపలికి ఇనుప నిచ్చెన. లోపలి గోడలకు నీరు కారకుండా పూత పూస్తున్నారు. ఆ పూతలో కలిపే థిన్నర్ వాసన ఇరవై అడుగుల అవతలే ముక్కుకు తగిలింది. రంధ్రం పైన ఇనుప గొట్టానికి కట్టిన నా ఫ్లెక్సీ కనిపించింది. దాని మెడలో నిమ్మకాయలు, మిరపకాయలు. గాలి పంపే ఫ్యాను పక్కన పడి ఉంది, వైరు చుట్టినట్టే ఉంది.

చూడండి ఈ విడ్డూరం. ఈ భూమ్మీద ఆ ముఖం ఉండాల్సిన చోటు ఏదైనా ఉందంటే సరిగ్గా అదే. అది అక్కడే ఉంది. ఫ్యాక్టరీలో దాని అర్థం 'ఆగు, మూతి కట్టు'. ఇక్కడ దాని అర్థం 'దిగు, ఏం కాదు'. ఒక్క గీత మారలేదు. మారింది నా మౌనం వల్లే.

సైటు సూపర్‌వైజర్ ఎదురొచ్చాడు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"అరే, మీరు గా పేజీ సార్ గదా! రోజు జూస్త సార్ మీ వీడియోలు. ఇది మీ బొమ్మనే. కట్టినకాడికెళ్లి సైటుల ఒక్కనికి దెబ్బ తగల్లే. ఒక్క సెల్ఫీ సార్, వీడియోనే తీస్త!"

ఫోను చెయ్యి చాచి పట్టుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"లోపల ఎవరన్న ఉన్నరా?" అన్నాను.

"ఒక్కడే ఉన్నడు. ఒడిశాయన. మంచి పనోడు."

"ఫ్యాను ఎందుకు బంద్ చేసిండ్రు?"

"సప్పుడుకు పక్క టవర్ల ఫ్లాటోల్లు పరేషాన్ అయితున్నరు సార్. కంప్లైంట్ల మీద కంప్లైంట్లు. అయినా బొమ్మ ఉంది గదా."

అప్పుడు కింద నుంచి నవ్వు వినిపించింది. పాట మధ్యలో ఆపి నవ్వుతున్నట్టు, ఎవరో చక్కిలిగింతలు పెడుతున్నట్టు. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. వాచ్‌మన్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"సార్, నవ్వుతున్నడు" అన్నాడు అతను.

రంధ్రం దగ్గర మోకాళ్ల మీద పడి అరిచాడు. "భయ్యా! ఊపర్ ఆవ్! జల్దీ ఆవ్!"

"ఆతా హూఁ చాచా..." మళ్లీ నవ్వు. ఏదో డబ్బా దొర్లిన చప్పుడు.

అప్పటికి సూపర్‌వైజర్‌కు అర్థమైంది. "నేను దిగి తీస్కొస్త" అని నిచ్చెన మీద కాలు పెట్టాడు. వాచ్‌మన్ అతని కాలరు పట్టి వెనక్కి గుంజాడు.

"దిగితే నువ్వు గూడ బొమ్మవైతవ్! ఫ్యాను పెట్టు ముందు!"

నేను వైరు విప్పి ఫ్యాను గొట్టం లోపలికి దించాను. వాచ్‌మన్ పిలవడం ఆపలేదు. పేరు అడిగాడు, ఊరు అడిగాడు, పిల్లలెంతమంది అని అడిగాడు, ఒక్కో ప్రశ్నకూ ఒక్కో మెట్టు ఎక్కించాడు. పైనుంచి మూడో మెట్టు దగ్గర ఆ మనిషి చేతులు జారాయి. ఇద్దరం చంకల కింద పట్టి బయటికి లాగి నేల మీద పడుకోబెట్టాం. పొడుచుకొచ్చిన కళ్లు, తెరిచిన నోరు, మెడ మీద తాడులా నరం. పైన ఫ్లెక్సీ మీద ఉన్నదే కింద నేల మీద. మధ్యలో నిమ్మకాయలు ఊగుతున్నాయి.

కక్కుకున్నాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడి లేచి కూర్చున్నాడు. ఆస్పత్రికి పంపాం. బతికాడు.

సూపర్‌వైజర్ గోడకు చేరగిలబడి, చెమట తుడుచుకుని, పైకి చూసి, ఫోను మధ్యలో ఉండగానే రెండు చేతులూ జోడించాడు.

"బొమ్మనే కాపాడింది సార్" అన్నాడు.

నా జీవితంలో ఎన్నో వాదనలు విన్నాను. ఇంత దుర్మార్గమైనది వినలేదు. ఫ్యాను ఆపిందెవరు? మాస్కు లేకుండా దింపిందెవరు? వాసన పట్టిందెవరు, కాలరు పట్టిందెవరు, మెట్టుమెట్టుకీ పిలిచిందెవరు? మనిషిని చంపబోయినప్పుడు బొమ్మకు బాధ్యత లేదు, మనిషి బతికితే మాత్రం ఘనత బొమ్మది! "ఏం మాట్లాడుతున్నవయ్యా నువ్వు?" అని గొంతు చించుకున్నాను.

"మీ పేజీలనే ఉంది గదా సార్, చెడు పారిపోవాలె అని" అన్నాడు. వెటకారంగా కాదు, భక్తిగా.

నా మాటకే నేనేం ఎదురు చెప్తాను?

అంతసేపూ అతని చేతిలో ఫోను వీడియో తీస్తూనే ఉందని మర్నాడు తెలిసింది. కత్తిరించి, డప్పు దరువు పెట్టి, 'చావు నోట్లోంచి తీసిన బొమ్మ' అని నా పేజీ పేరు తగిలించి పెట్టాడు. మొదటి మూడు సెకన్లు ఫ్లెక్సీ, తర్వాత పడుకున్న మనిషి, తర్వాత లేచి కూర్చున్న మనిషి. వాచ్‌మన్ లేడు. ఒకచోట మాత్రం కాలరు పట్టుకున్న చెయ్యి కనిపించి మాయమైంది.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏమయ్యా ఆర్టిస్టూ, నక్క తోక తొక్కావు! జనం ఎగబడుతున్నారు. అమావాస్యకింకా నాలుగు రోజులుంది, ఈలోగా ఆ సూపర్‌వైజర్‌ని పిలిచి ఓ లైవు పెడదాం. నువ్వు బొమ్మ పక్కన నిలబడు చాలు."

"లైవు పెడదాం" అన్నాను. "సూపర్‌వైజర్‌తోని గాదు."

ఎవరితో అనేది చెప్పాక వాడు వద్దని బతిమాలాడు. చివరికి, "కూర్చున్న కొమ్మ నరుక్కుంటానంటే నేనేం చేసేది?" అన్నాడు. అన్నాడు గానీ, ఆదివారం ఉదయం స్టాండు తెచ్చి ఫోను బిగించింది వాడే. అది వాడి గొప్పతనమని ఇక్కడ రాయకపోతే అన్యాయం.

రేకు మీది ముఖాన్ని మా వాకిట్లో గోడకు ఆనించాను. పక్కన వాచ్‌మన్ యూనిఫాంలోనే నిలబడ్డాడు. నేను ట్యాంకు కథ చెప్పాను, ఈసారి దరువు లేకుండా. రెండు నెలలు నేను ఎందుకు నోరు మూసుకున్నానో చెప్పాను. అమావాస్యల సంగతీ దాచలేదు. తర్వాత అతని వంతు.

అతను ఏం చెప్పకుండా ముందు నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి, మెడ బిగించి చూపించాడు. రేకునూ అతన్నీ పక్కపక్కన చూస్తే చెప్పాల్సిందేమీ మిగల్లేదు. తర్వాత మామూలు ముఖం పెట్టాడు.

"ఇది దిష్టిబొమ్మ గాదు. ఇది నేను. నేను దేన్ని ఆపెటోన్ని గాదు. ఆపెటోన్నయితే ఆ దినం నన్ను నేనే ఆపుకుందును గదా. నన్ను జూస్తే మూతి గట్టుకోండ్రి, ఫ్యాను పెట్టుండ్రి, పైన ఒక మనిషిని నిలబెట్టుండ్రి. దండం మాత్రం పెట్టకుండ్రి. దండం పెడితే చేతులు ఖాళీ ఉండయి."

అంతకన్నా మంచి ఉపన్యాసం మా చర్చావేదికలో ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

లైవు సగంలోనే జనం కారిపోవడం మొదలైంది. కామెంట్లు కొన్ని చెప్తాను. 'ముసలోడు పవరంతా పోగొట్టిండు.' 'నీ కళ్లు పోతయ్.' 'ఇంట్ల నుంచి తీసేసినం, గప్పటికెళ్లి గొడవలు. మీదే బాధ్యత.' ఒకడు మాత్రం రాశాడు: 'దిష్టిబొమ్మకే దిష్టి తగిలింది.' మేనేజరు అది చదివి పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

నవ్వు రానిది ఇంకోటి. తెల్లాపూర్‌లో ఫ్లెక్సీ దించేశారు. నా వాదన నెగ్గి కాదు. 'ఛీ, వాచ్‌మన్ మొఖమా ఇది!' అని. దేవుడో దయ్యమో అనుకున్నన్నాళ్లూ తల మీద పెట్టుకున్నారు. తమకు రోజూ గేటు తీసే మనిషని తెలిసిన గంటలో కిందికి లాగారు. దిష్టి మీద మూడు దశాబ్దాలు మాట్లాడాను గానీ, ఈ చూపు గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. మనుషులకు నిజంగా తగిలే చెడు చూపు ఇది. దీనికి ఏ బొమ్మ కట్టాలి? అతన్ని ముందు గేటు నుంచి వెనక గేటుకు మార్చారు. ఆ విషయం అతను నాకు చెప్పలేదు. వెళ్లినప్పుడు చూశాను.

పేజీ ఇప్పటికీ ఉంది. చౌరస్తాలో ఆడవాళ్లను మళ్లీ గీస్తున్నాను. ఆరు లైకులు తిరిగి వచ్చాయి, మరికొన్ని చేరాయి. అవి ఎవరివో పేరుపేరునా తెలుసు. కొందరు ట్యాంకులు కడిగేవాళ్లు. మీరు ఎంతమందిని పోగుచేస్తారన్నది మీ ఇష్టం. వాళ్లు మీ బొమ్మలో ఏం చూసి వస్తున్నారో మాత్రం మొదటిరోజే అడగండి. తప్పుగా చూస్తుంటే ఆ రోజే చెప్పండి. రెండు నెలలు ఆగితే ఒక సంపు దాకా పోతుంది.

మొన్న వాచ్‌మన్ ఫోను చేశాడు. గొంతులో హుషారు.

"సార్, నాలుగో టవర్ సంపు పని షురూ అయింది. గా ఒడిశాయన మాస్కు లేంది దిగనని కూసున్నడు. తెప్పిచ్చిండ్రు. నా మొఖం ఏలాడిన గొట్టం ఉంది గదా, గదే ఈ సంపుకాడికి తెచ్చి దానికే తగిలిచ్చిండ్రు. ఫ్యాను గూడ నడుస్తుంది. ఫ్లాటోల్లు తిడుతున్నరు, నడుస్తనే ఉంది."

"మంచిది. నిమ్మకాయలు తీసేసిండ్రా?"

"లేదు సార్. పక్కపక్కనే ఉన్నయి. గొట్టానికి మాస్కు, గొట్టానికే నిమ్మకాయలు. వారం వారం కొత్తయి కడుతనే ఉన్నరు."

"మాస్కుల ఫిల్టర్ ఉంటది గదా. గది మార్చిండ్రా?"

"ఎరుక లేదు సార్."

"నిమ్మకాయలు వాడిపోతే కంటికి గానొస్తది. ఫిల్టర్ వాడిపోతే గానరాదు. పొయ్యి అడుగు."

"రేపు శనివారం గదా సార్. నిమ్మకాయలు మార్చేటప్పుడు అడుగుత" అన్నాడు.